దీవి రూటు

"క్లినిక్ మూసేస్తున్నాను. పైలట్ ట్రైనింగుకి వెళ్తాను" అన్నాడు పళ్ళ డాక్టరు.

భార్య ఇస్త్రీ చేస్తోంది. ఆమె చెయ్యి చొక్కా మీదే ఆగిపోయింది. కాలిన వాసన వచ్చాక గానీ పెట్టె తియ్యలేదు.

"మీరు కూడానా?" అంది.

అంతకు రెండు నెలల ముందే ఆమె తమ్ముడు బ్యాంకు ఉద్యోగం వదిలేసి బేకరీ పెట్టాడు.

మర్నాడు ఆ తమ్ముడే పరుగెత్తుకొచ్చాడు. "బావా, నలభై దాటాయి నీకు! ఇన్నాళ్ళూ 'నోరు తెరవండి' అన్నవాడివి, ఇప్పుడు 'బెల్టు పెట్టుకోండి' అంటావా? నేనంటే పిండితో ఆడుకుంటున్నాను. రొట్టె మాడితే పారేస్తాం. విమానం అలాక్కాదుగా..."

మాట పూర్తికాకుండానే నాలిక్కరుచుకున్నాడు. అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి ఆమె అవసరానికి తప్ప మొగుడితో మాట్లాడలేదు. ఇంటి మీదుగా విమానం పోతున్న చప్పుడు వినబడితే చాలు, కిటికీలన్నీ మూసేసేది. బంగారంలాంటి ప్రాక్టీసు వదిలేసి, ఉన్న ఒక్క మనిషినీ దూరం చేసుకున్నాడని చుట్టాలు అతన్నే తిట్టుకున్నారు.

ట్రైనింగులో అందరూ అతనికంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు. 'పంటి కెప్టెన్' అని పేరు పెట్టారు. మెస్సులో ఎవరి దవడ వాచినా అతని గదికే వచ్చేవారు. టార్చిలైటు వేసి చూసి, మందు రాసిచ్చి, మళ్ళీ పుస్తకం తీసేవాడు. వాతావరణం పేపరు రెండుసార్లు తప్పాడు. మూడోసారి అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. సముద్రం మీద మబ్బు ఎంతసేపట్లో ముదురుతుందో, దాన్లో ఇరుక్కున్నవాడు బయటపడాలంటే ఏం చెయ్యాలో ఒకటికి పదిసార్లు అడిగేవాడు.

"పరీక్షకి అంత అక్కర్లేదు సార్" అంది పాఠం చెప్పే ఆమె. "ఇంతకీ పిల్లలెంతమంది మీకు?"

"ఒక అమ్మాయి. పదకొండేళ్ళు."

"నాన్న పైలట్ అవుతున్నాడంటే ఏమంటోంది?"

"విమానమంటే పిచ్చి దానికి" అన్నాడు. మళ్ళీ మబ్బుల గురించే అడిగాడు.

ఎలాగైతేనేం, లైసెన్సు చేతికొచ్చింది. ఓ చిన్న కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. "ఈ వయసులో ఎందుకండీ ఈ సరదా?" అన్నారు. "ఆకాశం చూడాలని" అన్నాడు. అది అబద్ధం.

కొత్తగా చేరిన వాళ్ళందరూ పెద్ద నగరాల రూట్లు అడిగారు. అతను దీవి రూటు అడిగాడు. రెక్కలకి ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం. గంటసేపు కింద నీళ్ళు తప్ప మరేమీ కనబడదు. డ్యూటీలు వేసే గుమాస్తా నవ్వాడు. "అది మేం శిక్షగా వేసే రూటండీ. మీరు కోరుకుంటున్నారా?"

"వేసెయ్యండి" అన్నాడు.

బయల్దేరిన అరగంటకి ప్రతిసారీ కెప్టెన్‌తో ఒకే మాట చెప్పేవాడు. "రెండు నిమిషాలు మీరు చూసుకుంటారా సార్?" కుడివైపు అద్దంలోంచి కిందికి చూసేవాడు. ఓసారి కెప్టెన్ ఉండబట్టలేక అడిగాడు.

"ఏముందయ్యా అక్కడ?"

"నీళ్ళు సార్."

కెప్టెన్ ఆ తర్వాత అడగలేదు. అరగంట కాగానే తనే "నేను చూసుకుంటాలే" అనేవాడు.

ఏడాది గడిచింది. ఒక ఉదయం అతను గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. భార్య ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచీతో వచ్చి పక్కన నిలబడింది.

"తమ్ముడు టికెట్ తీశాడు. మీ విమానానికే. కిటికీ పక్క సీటు."

అతను బూటు లేసు మళ్ళీ విప్పి కట్టబోయాడు. ముడి పడటం లేదు. ఆమే వంగి బూటు లేసు కట్టింది.

"భయం వెయ్యట్లేదా?"

"వేస్తోంది" అంది. "అయినా వస్తాను."

ఆ రోజు మబ్బు తునక లేదు. అరగంట కాగానే విమానంలో అతని గొంతు వినబడింది.

"కుడివైపు కూర్చున్నవాళ్ళు దయచేసి ఒక్కసారి కిందికి చూడండి."

జనం ఫోన్లు తీశారు. మెడలు సాచారు. కింద నీలంగా నీళ్ళు. ఓడ లేదు, పడవ లేదు, కనీసం ఓ పక్షి కూడా లేదు.

"ఏముందని చూడమంటాడు? వట్టి నీళ్ళేగా!" వెనక సీట్లో ఎవరో విసుక్కున్నారు.

భార్య రెండు అరచేతులూ అద్దానికి ఆనించింది. నుదురు కూడా ఆనించింది. సముద్రం దాటి దీవి వచ్చేదాకా అలాగే ఉండిపోయింది.

వాళ్ళ అమ్మాయి స్కూలు పిల్లలతో కలిసి దీవి చూడ్డానికి ఎక్కిన విమానం, ఐదేళ్ళ క్రితం సరిగ్గా అక్కడే కూలి అడుక్కి వెళ్ళిపోయింది, ఒక్కరినీ పైకి తియ్యలేకపోయారు.