గవ్వకు వచ్చిన జబ్బు

కుక్కను పాడు చేసింది పక్కింటి దర్జీ ఆవిడే. అందులో అనుమానం లేదు. తాళాలు బాగుచేసే ముసలాయన ఆ మాట వీధి వీధంతా వినేలా అరిచి మరీ చెప్పాడు.

భార్య పోయాక ఆయన ఇంట మిగిలింది ఆ కుక్క, గవ్వ ఒక్కతే. ఇప్పుడు దాని నడుం మీద బొచ్చు రాలిపోయింది. రొమ్ములు వాచాయి. పిల్లలు పుట్టకుండా ఎప్పుడో ఆపరేషన్ అయిన ముసలి కుక్క. దాని వెంట మగకుక్కలు పడుతున్నాయి.

పశువుల డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది.

"అప్పటి ఆపరేషన్‌లో లోపల ఏదో ముక్క మిగిలిపోయి ఉండాలి పెద్దాయనా. మళ్ళీ కోసి చూడాలి. ఈ వయసులో మత్తుకు తట్టుకుంటుందని మాత్రం మాటివ్వలేను."

ముసలాయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇంకో దారి లేదా అమ్మా?"

"ఒకటుంది. మీ ఇంట్లో ఆడవాళ్ళెవరైనా హార్మోను క్రీము వాడుతున్నారా? ముట్లుడిగాక లోపల మంట, పొడిబారడం ఉంటే డాక్టర్లు రాసిస్తారు. కొలత మించకపోతే మంచి మందే. కాకపోతే రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మందెక్కించే గొట్టం కూడా కడిగి లోపల దాచాలి. లేకపోతే వీటి నాలుక ఊరుకోదుగా! ఆ మాటకొస్తే, రాసుకున్న వెంటనే పక్కలో చేరితే మొగుళ్ళకూ అంటుతుంది."

"మొగుళ్ళ గొడవ నాకెందుకు? మా ఇంట్లో ఆడదిక్కు లేదు."

"అయితే కోయాల్సిందే."

ఆయన చాలాసేపు గవ్వ చెవి నిమిరాడు.

"ఇప్పుడే వద్దు. కొన్నాళ్ళు చూద్దాం."

కుక్కను చంకనెత్తుకుని ఇంటిదారి పట్టాడు. ఆయన్ని చూడగానే పక్కింట్లో కుట్టుమిషను ఆగింది. దర్జీ ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"ఏం చెప్పిందేం డాక్టరమ్మ? నేను విషం పెట్టాననేనా?"

"నువ్వే! నీ పాడు చేతులే! నీ పూతమందులు దాని మూతికి అంటకుండా, ఆ చేతులు సబ్బు పెట్టి కడుక్కుని చావు!"

"ముందు నీ నోరు కడుక్కో, ముసలి పీనుగా!"

ఎదురుగా కిరాణాకొట్టు అతను తూకం ఆపి పకపకా నవ్వాడు.

"మళ్ళీ మొదలెట్టారయ్యా! పామూ ముంగిసా అయినా ఎప్పుడో ఒకనాడు అలుస్తాయి. వీళ్ళు అలవరు."

ముసలాయన వీధి తలుపు మూసి లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తుండగా, పెరటి తలుపు తోసుకుని వచ్చి ఎప్పటిలా తన పక్కన నడుం వాల్చిన దర్జీ ఆవిడ చేయి ఇవాళ సబ్బు వాసన వేస్తుంటే, జనం కోసం తిట్టి తిట్టి అలసిన గొంతుతో, "నీ మందు నువ్వు మాననక్కర్లేదు, ఇక ఈ సంగతి జన్మలో నేనెత్తను, నువ్వూ ఎత్తకు," అని ముసలాయన ఆ చేతినే తలకింద పెట్టుకున్నాడు.