ఆరో మనిషి

"ఫోన్ ఎందుకు కట్టయింది? ముందు అది చెప్పు."

అంబులెన్స్ కంట్రోల్ రూమ్ అధికారి మూడోసారి అడిగాడు. ఆయన ముందు సస్పెన్షన్ కాగితం ఉంది. పేరు రాయడమే తరువాయి.

ఆపరేటర్ పిల్ల తన బల్ల మీది కంప్యూటర్ వైపు చూపించింది.

"బండి పంపాలంటే కొత్త తెర మీద రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి సార్. రెండు చేతులూ కావాలి. రిసీవర్ భుజంతో అదిమి పట్టుకున్నా. జారిపోయింది."

అడ్రసు సగంలో తెగింది. బండి వెతుక్కుంటూ చేరేసరికి ఆ ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది!" తెర తయారుచేసిన డిజైనర్ నీరసంగా అన్నాడు. పొద్దుట్నుంచీ ఇదే విచారణ. "ఆరుగురితో వాడించి చూశాం సార్. అందరూ బాగుందన్నారు."

అధికారి రిపోర్టు తిప్పాడు.

"ఇందులో అయిదుగురే ఉన్నారే?"

డిజైనర్ రిపోర్టు వైపు వంగి చూశాడు.

"ఆపరేటర్లకి ఖాళీ లేదన్నారని బయటివాళ్ళని పిలిచాం. ఒకడు రాలేదు. వరండాలో కూర్చున్న ఒకావిడని లాక్కొచ్చాం. ఆవిడ లెక్కలోకి రాదు సార్."

"ఆవిడ వాడినప్పటి వీడియో పెట్టు."

వీడియోలో, తెర ముందు నెరిసిన జుట్టు ఆవిడ కూర్చుంది.

"ఫోనేది బాబూ?"

"ఫోన్‌తో పనిలేదు పిన్నిగారూ. తెర చూడండి, చాలు." అది డిజైనర్ గొంతే.

ఆవిడ ఎడమ పిడికిలి బిగించి చెవి దగ్గర పెట్టుకుంది. కుడిచేత్తోనే పని మొదలెట్టింది.

"రెండో చెయ్యి కూడా వాడండి!"

"అది ఖాళీ లేదు బాబూ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

అధికారి ఆ పరీక్షల పాత ఫైలు తెరిచి చదివాడు. "ఆరో మనిషి. గృహిణి. చెవిపోటు కాబోలు. తీసేయాలి." తలెత్తాడు. "గృహిణినని ఆవిడ చెప్పిందా?"

"లేదు. చేతిసంచీ చూసి నేనే రాసేశాను."

వీడియోలో ఆ గొంతు విని ఆపరేటర్ పిల్ల తెర దగ్గరికి వచ్చింది.

"మా పెద్దక్క!"

"ఎవరూ?"

"ఇక్కడ ఆపరేటర్లందరికీ పెద్దక్కే సార్. రిటైర్మెంట్ కాగితాల కోసం వచ్చినట్టుంది. నా కుర్చీలో ఇరవై రెండేళ్ళు కూర్చుంది. నాకు ఫోన్ ఎత్తడం నేర్పిందే ఆవిడ."

అధికారి పెన్ను తీశాడు.

"కారకులెవరని రాయను?"

డిజైనర్ తెర మీద ఆగిపోయిన పిడికిలినే చూస్తున్నాడు.

"నేనే సార్. ఈ తెర ఎవరి కోసమో, ఆవిడనే లెక్కలోంచి కొట్టేశాను."