కంపెనీకి ఉదాహరణ

“రాసుకో తల్లీ. కంపెనీ. యూరప్‌లో సగం భాషలు వాడుకునే మాట. లాటిన్‌లో దీని మూలానికి అర్థం, ఒకే రొట్టె పంచుకుని తినేవాళ్ళు. వ్యాపారం అనే అర్థం తర్వాతెప్పుడో వచ్చిపడింది.”

నిఘంటువు తయారుచేస్తున్న మాటల మాస్టారు తింటూ చెబుతుంటే కూతురు టైపు చేస్తోంది. ఆయన భోజనం ఎప్పుడూ పుస్తకాల మధ్యనే. భార్య కంచం తెచ్చిపెట్టి వెళ్ళిపోవడం పెళ్ళైన కొత్తలో మొదలై, అలాగే స్థిరపడిపోయింది.

“మరి ఉదాహరణ చెప్పండి నాన్నా.”

ఉదాహరణ వాక్యం కల్పించకూడదు, కళ్ళారా చూసిందే రాయాలన్నది మాస్టారు పెట్టుకున్న నియమం. ‘తలుపు’కీ ‘దగ్గు’కీ కూడా ఇంట్లోంచే వాక్యాలు తీశారు.

“మీ అమ్మా నేనూ కలిసి...” అని మొదలుపెట్టి ఆగిపోయారు.

“ఎప్పుడు నాన్నా?”

కూతురి వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి. ఎత్తిపొడుపు కాదు, పాపం, వాక్యం పూర్తి చేయడానికే అడిగింది.

మాస్టారు లేచారు. తలవంచుకుని, కంచం పట్టుకుని వంటింట్లోకి నడిచారు.

స్టవ్ పక్కన చిన్న పీట మీద, గోడవైపు తిరిగి తింటోంది భార్య. అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడి లేచింది. తన కంచాన్ని గట్టు మీదికి నెట్టేసి గరిటె అందుకుంది.

“పిలిస్తే నేనే తెచ్చేదాన్నిగా! ఏం తక్కువైందండీ?”

“ఏమీ తక్కువ కాలేదు. నువ్వు కూర్చో.”

మాస్టారు ఆ పీట పక్కనే నేలమీద చతికిలబడ్డారు.

ఆమె కూర్చోలేదు. వంటలో ఎక్కడ తప్పు జరిగిందోనని ఆయన కంచంలోకే వెతుకుతూ నిలబడిపోయింది.

“ఉప్పెక్కువైందా?”