ముప్పై ఆరు సైజు

"లేదు సార్. వచ్చే గురువారం రండి."

తెల్లచొక్కా కావాలని అతను అడగడం పూర్తి కాకముందే సేల్స్‌మన్ నోట జవాబు వచ్చేసింది.

అతనికి ఒళ్లు మండింది. ఈ రెడీమేడ్ షాపులో, ఇదే కౌంటర్ దగ్గర, ఈ మాట వినడం నాలుగోసారి. అందుకే ఆ పెద్దాయనకి మనసులో 'గురువారం' అని పేరు కూడా పెట్టేసుకున్నాడు.

గురువారానికి అరవై దాటి ఉంటాయి. కళ్లజోడుకి తాడు, నవ్వు ఎరగని ముఖం.

"సోమవారం నాకు ఇంటర్వ్యూ అండీ. గురువారం దాకా వాళ్లు నా కోసం కాసుక్కూర్చుంటారా?"

గురువారం కళ్లజోడు సర్దుకుని అతన్ని ఎగాదిగా చూశాడు. పక్కకి జరిగి వీపు కూడా చూశాడు. వచ్చిన ప్రతిసారీ ఇదే వరస. పశువుని బేరమాడేవాడిలా ఆ చూపేమిటో!

"అయితే ఆదివారం పొద్దున రండి."

"అంటే లోపల ఉన్నట్టేగా? ఇప్పుడే ఇస్తే మీ సొమ్మేం పోయింది?"

"ఆదివారం రండి సార్," అని గురువారం ఇంకో కస్టమర్ వైపు తిరిగాడు.

అతను అక్కడే నిలబడిపోయాడు. ఆడపిల్లగా పెరిగి, మగవాడిగా బతకడం మొదలుపెట్టి మూడేళ్లయింది. పేరు మారింది, గొంతు మారింది, కాగితాలన్నీ మారాయి. భుజాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఏ చొక్కా వేసినా భుజం కుట్టు మోచేతి వైపు జారుతుంది. చేతులు వేళ్లని మింగేస్తాయి. పిల్లల సెక్షన్‌లో వెతికితే జేబు మీద ఎలుగుబంటి బొమ్మ. దర్జీ దగ్గరికి వెళ్తే టేపు ఛాతీ దగ్గర ఆగుతుంది, ప్రశ్నలు మాత్రం ఆగవు.

వేరే షాపుల్లో "ఎవరికి మేడమ్, తమ్ముడికా?" అంటారు.

గురువారం ఒక్కడే తొలిరోజు నుంచీ సార్ అన్నాడు. "ఈ కంపెనీలో ముప్పై ఆరు వస్తుంది సార్. కాకపోతే ఎప్పుడో ఒకటి వస్తుంది," అంటూ ఇప్పటికి మూడు గళ్లచొక్కాలు ఇచ్చాడు. మూడూ ఒంటికి అతికినట్టు సరిపోయాయి.

ఇప్పుడు చేస్తున్న ఆఫీసులో అందరికీ అతని పాత పేరు తెలుసు. కావాలనే నోరు జారేవాళ్లూ ఉన్నారు. కొత్తచోట ఎవరికీ ఏమీ తెలియదు. అక్కడ అడుగు పెట్టగానే చొక్కా చాడీలు చెప్పకూడదు. అతనికి కావలసింది అంతే.

ఒక్క చొక్కా కోసం ఇన్ని తిప్పలేమిటని ఏడుపొచ్చింది. విసుగొచ్చింది. బాగా అలసిపోయాడు.

వెళ్తూ వెళ్తూ ఫిర్యాదుల పుస్తకం అడిగి రాశాడు: 'మీ సేల్స్‌మన్ చిన్న సైజులు దాచేసి కస్టమర్లని తిప్పుకుంటున్నాడు. పైగా ఎగాదిగా చూస్తాడు.'

రాశాక కాస్త కడుపు చల్లబడింది.

ఆదివారం పొద్దున కౌంటర్‌లో గురువారం లేడు. బిల్లులు కొట్టే ఆవిడే అతన్ని గుర్తుపట్టి ఒక పొట్లం తీసిచ్చింది.

"మీకివ్వమని నిన్న సాయంత్రం ఇచ్చి వెళ్లారు సార్."

"బిల్లు?"

"ఆయనే కట్టేశారు."

"ఆయన లేరా?"

"ఇక రారు సార్. శుక్రవారం ఎవరో ఫిర్యాదు రాశారు. మేనేజర్ గారు అందరి ముందూ ఆయనచేతే పైకి చదివించారు. దాచిన సరుకు ఎక్కడుందో చెప్పమంటే ఆయన నోరు విప్పలేదు. పొమ్మన్నారు."

అతను పొట్లం పట్టుకుని ట్రయల్ రూమ్‌లోకి వెళ్లాడు.

తెల్లచొక్కా. భుజం కుట్టు సరిగ్గా భుజం మీదే కూర్చుంది. గుండీలన్నీ పెట్టినా ఛాతీ దగ్గర చిన్న ముడత లేదు. అద్దంలో ఎవరో ఒక మామూలు మగవాడు ఇంటర్వ్యూకి తయారై ఉన్నాడు. అతను ఆ మనిషిని చాలాసేపు చూసుకున్నాడు.

రాసింది గుర్తొచ్చి మనసు పీకింది. అయినా సరుకు దాచడం తప్పే కదా అని తనకి తనే సర్దిచెప్పుకుని బయటికొచ్చాడు.

"ఆయన దాచినవన్నీ ఇప్పుడు బయటికొచ్చే ఉంటాయిగా. ఇదే కంపెనీ, ఇదే సైజు, ఇంకో నాలుగివ్వండి."

ఆవిడ బిల్లులు కొట్టడం ఆపేసింది.

"ఎక్కణ్ణించి ఇవ్వను సార్? ఆ కంపెనీ ముప్పై ఎనిమిదికి తక్కువ కుట్టనే కుట్టదు."

"మరి నా చొక్కాలు?"

"ఆయన పూర్వం దర్జీ సార్. ముప్పై ఎనిమిది సైజుది ఒకటి ఇంటికి పట్టుకెళ్లేవారట. బుధవారం ఆయనకి సెలవు కదా, ఆ రోజు మొత్తం విప్పదీసి, కంటితో చూసుకున్న మీ కొలతకి మళ్లీ కుట్టి, కాలర్‌లో సైజు చీటీ మార్చి, మర్నాడు తెచ్చి అరలో పెట్టేవారట. సరుకు మీద కత్తెర వేశానని మేనేజర్‌తో ఎలా చెబుతారు? నాకూ నిన్ననే చెప్పారు."

అతను కాలర్‌లోని సైజు చీటీ తడిమి చూసుకున్నాడు.

"నాతోనైనా ఒక్క మాట అనొచ్చుగా!"

"నేనూ అదే అడిగాను సార్. 'ప్రత్యేకంగా కుట్టానంటే చిన్నబుచ్చుకుంటాడమ్మా, మగవాళ్లందరిలాగే ఆ అబ్బాయీ దర్జాగా షాపుకొచ్చి, తన సైజు అడిగి కొనుక్కోవాలి' అన్నారు."