నోరు విప్పని మనిషి

గేటు చప్పుడైంది. టైలరక్క మెడలో టేపుతోనే కిటికీలోంచి తొంగిచూసి ఉలిక్కిపడింది.

తాటిచెట్టంత ఎత్తు, కాటుక నలుపు, రింగురింగుల జుట్టు. ‘గది అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు వైపు వేలు చూపించి నవ్వుతున్నాడు ఒక మనిషి.

“ఇదెక్కడి పీడ! ఈ పరదేశీలు మన వీధిలోకి కూడా దిగబడ్డారూ?” అంది జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన పక్కింటావిడ.

“నువ్వుండు, నే పంపించేస్తాగా,” అంటూ టైలరక్క వాకిట్లోకి నడిచింది.

వాడికి మన భాష ఎక్కడ ఏడ్చిందని, చెవిటివాడికి చెప్పినట్టు చేతులు తిప్పుతూ అరిచింది.

“గది... లేదు! ఇచ్చేశాం! పో, పో!”

అతను ఏదో చెప్పబోయాడు. ఆవిడ మళ్ళీ అరవగానే, ఆ గొంతు విని ఆగిపోయాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

“అమ్మో, ఆ చూపేంటి, మింగేసేలా!” లోపల్నుంచి పక్కింటావిడ.

అతను తలూపాడు. గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

టైలరక్క గుడ్డపేలిక తెచ్చి గేటు గడియ తుడిచింది. ఒకసారి చాలదని మళ్ళీ తుడిచింది, మహాతల్లి.

అలాగని చెడ్డ మనిషేం కాదు. వీధిలో ఏ పిల్లాడి చొక్కా చిరిగినా పిలిచి ఊరికే కుట్టిపెడుతుంది. చెల్లెలు పోయిన దగ్గర్నుంచీ గుండె చెదిరిపోయింది, అంతే. అక్కచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి మాటెత్తకుండా, రెండు మిషన్లు పక్కపక్కన వేసుకుని బతికారు. ఒక మిషన్ ఆగిపోయాక ఆ ఇంట్లో ఉండలేక, ఒకనాడు నిద్రమాత్రలన్నీ గుప్పిట్లో పోసుకుంది. ఏ దేవుడు గుర్తుచేశాడో, ఆసుపత్రి గోడ మీద చూసిన నంబరుకి ఫోన్ చేసింది. దిక్కుతోచనివాళ్ళ గోడు వినే నంబరది.

ఫోనెత్తినతను నీతులు చెప్పలేదు.

“మిమ్మల్ని ఏమని పిలవమంటారు?” అన్నాడు.

“తోడబుట్టి అక్కా అని పిలిచేది ఒక్కతే ఉండేది నాయనా, అదీ పోయింది,” అని బావురుమంది.

“అయితే నేను పిలుస్తానక్కా.”

ఆ పిలుపుతో మాత్రలు తూములో పారబోసింది.

అప్పట్నుంచీ సాయంత్రం కొట్టు కట్టెయ్యగానే ఫోన్. పేర్లు చెప్పుకోకూడదు, కలుసుకోకూడదు, అది అక్కడి కట్టుబాటు. ఆవిడకి అతను తమ్ముడు, అంతకుమించి ఏం కావాలి? చెల్లెలి గది అద్దెకిస్తే ఇంట్లో మనిషి అలికిడి ఉంటుందని చెప్పిందీ ఆ తమ్ముడే.

“తమ్ముడూ, నీ మాట విని బోర్డు పెడితే ఇవాళ ఏం దాపురించిందో తెలుసా?” ఆ సాయంత్రం ఫోన్ ఎత్తగానే మొదలెట్టింది. రంగూ, జుట్టూ, మింగేసే చూపూ, గడియ తుడవడం, ఏదీ వదల్లేదు.



“వింటున్నావా?”

“వింటున్నానక్కా. బాగా భయం వేసిందా?”

“వెయ్యదూ మరి! ఒంటరిదాన్ని. మనవాడివి కాబట్టి నీకు చెప్పుకుంటున్నా. నీలాంటివాడొస్తే అద్దె మాటే ఎత్తను.”



“అతను ఇంక రాడులెండక్కా. నిశ్చింతగా ఉండండి. రాత్రికి ఏమన్నా వండుకున్నారా?”

“నువ్వడిగావుగా, వండుకుంటాలే.”

మర్నాడు ఎవరో అమ్మాయి ఎత్తింది. వారం తిరిగినా అదే అమ్మాయి. టైలరక్క కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, ఇక ఉండబట్టలేక అడిగేసింది.

“రోజూ ఈ వేళకి ఫోన్ ఎత్తే మా తమ్ముడేడమ్మా?”

“ఆయన ఊరొదిలి వెళ్ళిపోయారండీ. ఇక రారు.”

“నాకొక్క మాటైనా చెప్పకుండానా! ఏమొచ్చింది?”

“ఇల్లు దొరకలేదండీ. ఉన్నది ఖాళీ చేయించారు. ఏ గుమ్మం ఎక్కినా లేదనేవారే.”

“అంత చక్కగా మాట్లాడే పిల్లాడికి ఇంత నీడ ఇవ్వని పాపిష్టివాళ్ళు ఎవరే తల్లీ! వాళ్ళ చేతులు పడిపోను!”

“మాట దాకా రానిస్తే కదండీ! ఇక్కడే పుట్టారు, ఇక్కడే పెరిగారు. అయినా ఆ రంగూ ఆ జుట్టూ కనపడగానే తలుపులేసేవారట.”

టైలరక్క కిటికీలోంచి గేటు గడియ వైపు చూసింది.

అమ్మాయి కొత్తది కాబోలు, కట్టుబాట్లు ఇంకా ఒంటబట్టలేదు. పాపం, ఆపుకోలేక చెప్పేసింది.

“చివరగా వెళ్ళిన ఇంటావిడ రోజూ మాకు ఫోన్ చేసే మనిషేనటండీ. గొంతు వినగానే పోల్చుకున్నారట. తను నోరు విప్పితే ఆవిడా పోల్చుకుంటుందని, ఆ సిగ్గుతో మళ్ళీ ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని, ఒక్క మాటైనా అనకుండా వెనక్కి వచ్చేశారట... ఎంతడిగినా ఆవిడెవరో మాత్రం చెప్పలేదండీ.”