ఎండ కావాల్సిన లెన్సు

"పెద్ద లెన్సే కొనండి. కావాలంటే నా గాజులిస్తాను," అంది భార్య, మూడోరోజు కూడా.

"ఇది చాలు," అన్నాడు భర్త, మూరెడు లెన్సును మెత్తటి గుడ్డతో తుడుస్తూ. "ఎక్కడో ఉన్న పిట్ట ఒళ్లో వాలినట్టు కనిపిస్తుంది. కాకపోతే దీని అపర్చర్ చిన్నది. చిన్న కిటికీ ఉన్న గదిలాంటిది. ఎండ దండిగా ఉంటేనే పని."

"ఆఫీసయ్యాక మీరు చెరువు దగ్గరికి చేరేసరికి ఎండ ఎక్కడుంటుంది? మొన్న తీసిన కొంగ తడిసిన తలగడలా ఉంది."

"మధ్యాహ్నాలు వెళ్తాను."

"ఉద్యోగం మానేసి పిట్టల వెంట పడతారా? సాయంత్రాలే తీసుకోండి. అందుకే కదా పెద్దది కొనమంటున్నాను!"

రోజూలాగే పగలంతా చిన్నకూతురింట్లో మనవణ్ణి ఆడించి అప్పుడే వచ్చిన అత్తగారు ముచ్చటపడిపోయింది. "ఒంటి మీది బంగారం తీసిస్తానంటోంది. ఇంకేం కావాల్రా నీకు?"

కొడుకు ఆ పాత లెన్సునే బ్యాగులో పెట్టుకున్నాడు. పెద్ద లెన్సు కొనలేదు.

రెండు వారాల తర్వాత కంప్యూటర్లో ఓ గద్ద ఫొటో తెరిచాడు. రెక్కలు విప్పి గాల్లో నిలిచిపోయింది. ఈక ఈకా లెక్కపెట్టొచ్చు.

"నిన్న సాయంత్రం, చెరువు దగ్గర," అన్నాడు.

కాలేజీలో ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న కూతురు తెరకు ముక్కు ఆనించినంత పని చేసింది.

"ఎవరికి చెప్తావు నాన్నా! రెక్క కదలకుండా దొరకాలంటే షట్టరు రెప్పపాటులో వందో వంతు కూడా తెరిచి ఉండకూడదు. అంతలోనే నీ బుల్లి కిటికీలోంచి ఇంత వెలుతురు రావాలంటే సూర్యుడు నడినెత్తిన ఉండాలి. ఇది మిట్టమధ్యాహ్నం తీసిందే!"

భార్య మడతపెడుతున్న దుప్పటి చేతుల్లోనే ఆగిపోయింది.

"మధ్యాహ్నమా?"

అతను తల దించుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"పది రోజులుగా."

ఆమె మొహం పాలిపోయింది. కాసేపటికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇరవై రెండేళ్ల కాపురం. రోజూ చెరువూ చెరువూ అంటూ నా కళ్లకి గంతలు కట్టారు. మధ్యాహ్నాలు ఎక్కడికి వెళ్తున్నారు? ఏం చేస్తున్నారు?"

కూతురు నాలుక్కరుచుకుని తల్లి భుజం పట్టుకుంది. తమాషాకి అన్నమాట ఇంత దూరం వస్తుందనుకోలేదు.

"నోరు పెగలదేంరా?" అత్తగారు లేచి నిలబడింది. "ఎవర్తది? బంగారంలాంటి పిల్లని ఇలా ఏడిపించడానికి నీకు మనసెలా వచ్చింది?"

అతను లెన్సుకి మూత పెట్టాడు. బ్యాగు జిప్పు లాగాడు. అది చివరిదాకా రాలేదు. మళ్లీ లాగాడు.

"ఆదివారం నుంచి నేను విడిగా ఉంటాను. గది చూసుకున్నాను," అన్నాడు, గొంతు పెంచకుండా, ముగ్గురికీ వినబడేలా.

"ఒప్పుకున్నాడు చూడు!" అత్తగారు కోడల్ని గుండెకి హత్తుకుంది. "ఎక్కడికి వెళ్తున్నావో చెప్పి మరీ పో!"

"ఎక్కడికీ వెళ్లలేదమ్మా, గద్దల కోసం ఆఫీసు మేడ ఎక్కాను, నాలుగు వీధుల అవతల మన పెరటి గుమ్మమూ, రోజూ రెండింటికి నీ కోడలు కాలరు సర్ది సాగనంపే మనిషి మొహమూ ఆ ఎండలో స్పష్టంగా కనిపించాయి."