అలవాటు పడిన ఎంజైము

"సార్, ఈ ఒక్కసారికి ఆపేయండి. ఎక్కడో ఏదో తేడా కొడుతోంది," అంది కోడలు.

ప్రొఫెసరు టై సర్దుకుంటూనే విసుక్కున్నాడు. "హాలు నిండిపోయిందమ్మా. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు తేడా అంటే నా తల ఎక్కడ పెట్టుకోను?"

ల్యాబు పక్కనున్న కోడలి చిన్న గదిలో, మూల కుర్చీలో కూర్చున్న ఆమె అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎదురుగా ఉన్న ఆస్పత్రిలో మోకాళ్లకి కరెంటు పెట్టించుకుని, సాయంత్రం కోడలితో కలిసి ఇంటికెళ్లడం ఆవిడకి రోజూ ఉండేదే. అందాకా ఊరికే కూర్చోదు. బల్ల తుడుస్తుంది, కర్టెన్లు దులుపుతుంది, ఇంట్లోలాగే ఏది వెలితిగా కనిపించినా సర్దిపెడుతుంది.

"ఇది డి.ఎన్.ఏ.లో తప్పులు సరిచేసే ఎంజైము సార్. అది పనిచేసేటప్పుడు హైడ్రోజను అడ్డుగోడ ఎక్కి దిగదు, గోడలోంచే అవతలికి దూరిపోతుంది. అదే భారజలంలో పెడితే హైడ్రోజను బరువెక్కి అలా దూరలేదు. పని నత్తనడక నడవాలి."

"నాకే పాఠం చెబుతున్నావా?"

"మొదట్లో అలాగే నడిచింది కదండీ! తర్వాత రోజురోజుకీ వేగం పుంజుకుంది. ఇప్పుడు మామూలు నీళ్లలో ఎంతో, భారజలంలోనూ అంతే. ఎలా?"

"అలవాటు పడింది. కొత్త దారి వెతుక్కుంది. మనం కనిపెట్టింది అదేగా!"

"అలవాటు పడటానికి అదేమన్నా కొత్త కోడలా సార్?"

"బాగుంది, మధ్యలో నా మీద పడ్డావేం?" అంది అత్తగారు.

ప్రొఫెసరు నవ్వలేదు. "మిషను చూశావా?"

"చూశాను."

"వేడి?"

"సరిగ్గానే ఉంది."

"భారజలం?"

"సీలు నేనే తీశాను. ఆ నీలం మూత సీసాలో పోసుకుని నా బల్ల మీదే పెట్టుకున్నాను. ల్యాబులో ఎవరూ దాని జోలికి రారు."

"మరింకేం? తప్పని తేలితే నీ పట్టా పోతుంది, నా కుర్చీ పోతుంది. అంతా తెలిసే నేను ధైర్యంగా లేనూ? పద."

వేదిక పక్కన తెర చాటున నిలబడింది కోడలు. చేసిన ప్రతి పనీ మొదటి నుంచీ గుర్తుచేసుకుంది. ఎక్కడా తప్పు దొరకలేదు. తప్పు దొరకనికొద్దీ భయం పెరిగింది. చెప్పింది వెనక్కి తీసుకోవాలంటే ఇప్పుడే తీసుకోవాలి. మైకు ముందుకెళ్లాక ఇంకేముంది!

"జీవం గురించి మనకి తెలిసినదంతా ఈరోజు తిరగరాయబోతున్నాం!" అంటున్నాడు ప్రొఫెసరు. చప్పట్లు మోగాయి.

వెనక నుంచి కుంటుకుంటూ అత్తగారు వచ్చింది. చేతిలో సంచీ.

"మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో! చదువుకున్నదానివి, నాలుగు మాటలు చెప్పడానికి ఇంత బెంగ దేనికే? కాస్త గొంతు తడుపుకుని వెళ్లు," అంటూ సంచీలోంచి సీసా తీసి అందించింది.

సీసాకి నీలం మూత.

"అత్తయ్యా, ఇది... ఇదెందుకు తెచ్చారు?"

మైకులో ఆమెని వేదిక మీదకి పిలిచారు. హాలంతా లేచి నిలబడింది.

"తాగమ్మా, నీ గదిలోవే. మొదట్లో ఎంత తియ్యగా ఉండేవో ఈ నీళ్లు! రోజూ నేను తాగినంత మేర కుళాయి నీళ్లు పట్టి పెడుతున్నానుగా, పోనుపోను చప్పబడిపోయాయి."